మూడు చెంచాల చోట ఒకటి

కిందటి వారం ప్రసన్నకుమారిని సత్యనారాయణగారి ఇంటి గడప అవతలే నిలబెట్టి వదిలాం. ఆమె పాలకొల్లు బజారు వెనక వీధిలోని ఆరోగ్య కేంద్రంలో నర్సు. వాళ్ల ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషీ, డిగ్రీ పట్టా చేతికందుకున్న మొదటి మనిషీ ఆమే. సత్యనారాయణగారిది బజారులో కిరాణా వ్యాపారం. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఆయన కూతురు శ్రీదుర్గ తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. మగపిల్లాడు. పుట్టి ముప్పై ఆరు రోజులైంది. కూతురికి పాలు లేవని తేల్చేసి, పద్దెనిమిదో రోజు నుంచీ తల్లి రాజరాజేశ్వరి పిల్లాడికి గులాబీ రంగు డబ్బాలోని పాలపొడి కలిపి సీసాతో పడుతోంది. ఆ ఉదయం కొట్లో ఎవరూ లేని సమయం చూసి శ్రీదుర్గ ఫోన్ చేసింది. "బాబు చిక్కిపోతున్నాడు సిస్టర్. అమ్మ నా మాట నమ్మట్లేదు. ఒక్కసారి రండి" అని పెట్టేసింది. ప్రసన్నకుమారి సంచి భుజాన వేసుకుని వచ్చేసింది.

"ఎవరు పిలిచారమ్మా నిన్ను?"

రాజరాజేశ్వరి గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగింది. గొంతులో కోపం లేదు. వేళ కాని వేళ అప్పడాలు అమ్ముకునే మనిషి వస్తే రేపు రమ్మన్నట్టుంది.

"పసివాణ్ణి చూసి వెళ్దామని వచ్చానండి పిన్నిగారూ."

"వాడికేం, బ్రహ్మాండంగా ఉన్నాడు. పెద్ద కంపెనీ పాలు పడుతున్నాం. మీ కేంద్రంలో ఇచ్చే మాత్రల కోసం కాచుకుని కూచునే ఇల్లు కాదిది."

"నేనే పిలిచానమ్మా."

లోపలి గదిలోంచి వచ్చింది ఆ మాట. చిన్న గొంతే, కానీ వణకలేదు. రాజరాజేశ్వరి వెనక్కి తిరిగి చూసింది. కన్నకూతురు తనకు తెలియకుండా బయటి మనిషికి కబురు పెట్టిందంటే ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

ఇంతలో కొట్లోంచి సత్యనారాయణగారు వచ్చారు. చేతికి పసుపు అంటుకుని ఉంది. "ఏంటే ఈ గొడవ? బేరానికొచ్చినవాళ్లు చెవులు రిక్కించి వింటున్నారు. ఎవరూ, నర్సమ్మగారా? రండి రండి. గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతావేంటి రాజేశ్వరీ!"

ప్రసన్నకుమారి పెరట్లో కుళాయి దగ్గర కాళ్లూ చేతులూ సబ్బుతో కడుక్కుని బాలింత గదిలోకి వెళ్లింది. కిటికీలు మూసి ఉన్నాయి. సాంబ్రాణి పొగ ఇంకా పోలేదు. శ్రీదుర్గ చెవులకి గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల, పదేళ్లు పెద్దదానిలా కనిపించింది. పక్కన చిన్న గ్లాసులో అడుగున వాము నీళ్లు. అదే ఆమెకు ఆ పూట నీళ్ల వాటా.

పిల్లాణ్ణి ఎత్తుకోగానే ప్రసన్నకుమారి చేతులకు సంగతి తెలిసిపోయింది. తొడల దగ్గర చర్మం ముడతలు పడి వదులుగా ఉంది. పిల్లాడు ఆమె వేలు పట్టుకుని నోటికి లాక్కోవాలని చూశాడు. ఆ ఆత్రం చూసి ఆమెకు ధైర్యం వచ్చింది. 'ఆకలి ఉంది. ఆకలి ఉన్న బిడ్డ దారిలో పడతాడు' అనుకుంది.

"ఈ మధ్య బరువు చూశారాండి?"

"బరువా!" రాజరాజేశ్వరి చెంపలేసుకుంది. "పసిగుడ్డుని ఎవరైనా తూస్తారా తల్లీ? దిష్టి కాదూ?"

"మరి తులాభారం మొక్కుకున్నావుగా?" అన్నారు సత్యనారాయణగారు గుమ్మంలోంచి. "ఏడాది నిండాక వాడి ఎత్తు బెల్లం తూస్తానని మొక్కింది నువ్వే. దేవుడి కాటాకి లేని దిష్టి నా కాటాకి వచ్చిందా?"

"దేవుడి దగ్గర పరాచికాలేంటండీ!"

"బాబాయిగారూ," అంది ప్రసన్నకుమారి, "నా సంచిలో వేలాడదీసే కాటా ఉందండి. కానీ అది వంద గ్రాముల తేడా ఉంటేనే చెబుతుంది. మీ కొట్లోదయితే పది గ్రాములు కూడా పట్టేస్తుంది కదండీ?"

"పదా?" ఆయన ముఖం వెలిగింది. "ఐదు కూడా చెబుతుందమ్మా. తూనికల వాళ్లు ఏటా వచ్చి ముద్ర వేసి, టీ తాగి మరీ వెళ్తారు. ఉండండి, కడిగించి తెస్తాను."

ఈ ఇంట్లో కందిపప్పు నుంచి కర్పూరం దాకా తూకం లేకుండా గడప దాటదు. ముప్పై ఆరు రోజులుగా తూకం వేయనిది ఒక్క పిల్లాణ్ణే.

ఇత్తడి పళ్లేల పెద్ద కాటా నడవలో దూలానికి కట్టారు. రెండు వైపులా ఒకేలాంటి మెత్తటి గుడ్డలు మడిచి వేసి, ముల్లు మధ్యకు వచ్చిందాకా సత్యనారాయణగారు ఒంగి చూశారు. పిల్లాణ్ణి ఒక పళ్లెంలో పడుకోబెట్టి ప్రసన్నకుమారి చెయ్యి కింద ఆన్చి ఉంచింది. ఆయన రెండో పళ్లెంలో రెండు కిలోల రాయి వేశారు, అయిదొందలు, రెండొందలు, ఇంకో రెండొందలు. ఆఖర్న యాభై వేశాక ముల్లు నిలిచింది.

"రెండు కిలోల తొమ్మిది వందల యాభై," అన్నారు కొట్లో చెప్పినంత గట్టిగా.

ప్రసన్నకుమారి శ్రీదుర్గ దగ్గరున్న ఆసుపత్రి కార్డు తీసి చూపించింది. పుట్టిన రోజు బరువు రెండు కిలోల తొమ్మిది వందలు.

ఆయన కార్డు వంకా, కాటా వంకా చూశారు. పళ్లెంలోంచి యాభై గ్రాముల రాయి తీసి అరచేతిలో పెట్టుకున్నారు. "నెలా ఆరు రోజులకి ఇదా?" అన్నారు మెల్లగా. "ఇది జీలకర్ర పొట్లమే రాజేశ్వరీ."

"ఈ పాటికి ఇంకో ముప్పావు కిలో అయినా పెరగాలండి," అంది ప్రసన్నకుమారి.

రాజరాజేశ్వరి గోడకు ఆనుకుంది. "నేను పట్టట్లేదా ఏంటి! రోజుకి ఆరు సీసాలు. రాత్రి రెండు సార్లు లేచి మరీ కలుపుతున్నాను. వాడు చుక్క మిగల్చడు. రెండు నెలల్లో అమ్మాయి అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చి పిల్లాణ్ణి తీసుకెళ్తుంది. పుట్టింట్లో చిక్కిపోయాడు అన్న మాట నేను పడగలనా? అన్నీ మానుకుని వాడి చుట్టూనే తిరుగుతున్నాను."

అది అబద్ధం కాదని ప్రసన్నకుమారికి తెలుస్తూనే ఉంది. ఆమె కళ్ల కింద నల్లటి చారలే చెబుతున్నాయి.

"మీరు పట్టట్లేదని అనలేదండి. ఎలా కలుపుతారో ఒక్కసారి చూపిస్తారా? వీడికి ఎలాగూ ఆకలేస్తోంది."

ఆ మాటకు రాజరాజేశ్వరి కాస్త తేరుకుంది. తన పనితనం చూపించే అవకాశం వచ్చినట్టు చకచకా వంటింట్లోకి నడిచింది. సీసా మరిగించిన నీళ్లలోంచి పట్టకారుతో తీసింది. కాచి చల్లార్చిన నీళ్లు తొంభై గీత దాకా పోసింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. గులాబీ డబ్బా మూత తీసి, అందులోని కొలత చెంచాతో ఒక చెంచా పొడి తీసి, అంచు మీద గీసి, సీసాలో వేసింది. మూత పెట్టేసింది.

ప్రసన్నకుమారి ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

"అంతేనాండి?"

"అంతే. ఏం?"

"ఈ డబ్బా ఎప్పుడు తెరిచారు?"

"మొదలుపెట్టిన రోజే. పద్దెనిమిది రోజులైందిగా. ఇంకా అడుగున ఉంది."

ప్రసన్నకుమారి డబ్బా అందుకుని వెనక్కి తిప్పింది. ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. వేలు పెట్టి చదివి చెప్పింది. "ముప్పై మిల్లీలీటర్లకి ఒక చెంచా అని ఉందండి. తొంభైకి మూడు. రోజుకి ఆరు సీసాలంటే వారం తిరక్కుండా అయిపోవాల్సిన డబ్బా ఇది."

"మూడా?" రాజరాజేశ్వరి నవ్వబోయింది. "అంత చిక్కగానా? పసివాడికి అరుగుతుందా? గేదెపాలైనా సగానికి సగం నీళ్లు కలపందే పడతామా? వాళ్లు సీమ పిల్లలకి రాసుకున్నారు, మన పిల్లలకి కాదు."

"ఇది గేదెపాలు కాదండి పిన్నిగారూ. పల్చన చేయాల్సింది వాళ్లే చేసి పొడి చేశారు. మీరు మళ్లీ పల్చన చేశారు. వాడి కడుపు నిండుతోంది, నీళ్లతో."

రాజరాజేశ్వరి తన చేతిలోని సీసా వంక చూసింది. బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి ఆ పాలు. ఇన్నాళ్లూ అవి తనకు తేలికపాలుగా కనిపించాయి. చటుక్కున గట్టు మీద పెట్టేసి, పీట మీద కూలబడింది.

"చిక్కటి పాలు పట్టే చంపుకున్నాను నేను," అంది.

సత్యనారాయణగారు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. "ఇప్పుడెందుకే అది," అన్నారు.

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు చెప్పను?" ఆమె కూతురి వైపు తిరిగింది. శ్రీదుర్గ పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చి అక్కడే నిలబడి ఉంది. "నీకంటే ముందు ఒకడు పుట్టాడే. నీకు చెప్పలేదు. నాకు పాలు పడలేదన్నారు మా అత్తగారు. గేదెపాలు పట్టాం. బాగా బలం రావాలని ఒక్క నీటిచుక్క కలపకుండా పట్టాను నేను. విరోచనాలు పట్టుకున్నాయి. మూడో నెల నిండలేదు. డాక్టరుగారు, ఇంత చిక్కటి పాలా అమ్మా అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు. నువ్వు పుట్టాక నీళ్లు కలిపి కలిపి పెంచాను. నువ్వు బతికావు. అందుకే వీడిక్కూడా..."

ఆమె ఏడవలేదు. చీర కొంగు మాత్రం నోటికి అడ్డం పెట్టుకుంది.

శ్రీదుర్గ తల్లి పక్కన నేల మీద కూర్చుంది. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఏమని చెప్పను? నా చేత్తోనే పోయాడనా?"

ప్రసన్నకుమారి పీట జరుపుకుని ఎదురుగా కూర్చుంది. చదువు ఇచ్చిన అధికారంతో నాలుగు మాటలు అనడం ఆ క్షణాన చాలా తేలిక. ఆమె తల్లి రత్తమ్మ నాట్లకు వెళ్తూ ముగ్గురు పిల్లల్ని గట్టు మీద కూర్చుని పాలిచ్చి పెంచింది. తెలిసినవాళ్లు తెలియనివాళ్లతో ఎలా మాట్లాడకూడదో, తల్లిని కసిరినవాళ్లను చూసి ప్రసన్నకుమారికి చిన్నప్పుడే తెలిసింది.

"పిన్నిగారూ, అప్పుడూ ఇప్పుడూ మీరు చేసింది ప్రేమతోనే చేశారు. చెప్పాల్సినవాళ్లు సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు నేను చెబుతాను, వింటారా?"

రాజరాజేశ్వరి తలూపింది.

"వీడికి పాలు ఉన్నాయండి, వాళ్లమ్మ దగ్గరే. పొద్దున్నుంచి ఎన్నిసార్లు ఇచ్చావమ్మా?"

"ఒక్కసారి సిస్టర్," అంది శ్రీదుర్గ. "సీసా పట్టాక వాడికి ఆకలుండదు. పట్టుకున్నా నాకు ప్రాణం పోయేంత నొప్పి. పుళ్లు పడ్డాయి. ఆ నొప్పికి నేనే తీసేస్తున్నాను."

"అదీ సంగతి. బిడ్డ ఎంత తాగితే అంత ఊరతాయి. సీసా పట్టినకొద్దీ వాడు తాగడం తగ్గించాడు, తాగడం తగ్గినకొద్దీ నీకు తగ్గాయి. ఎవరి తప్పూ కాదు. రా, గోడకి ఆనుకుని కూర్చో. కిటికీ తీయండి బాబాయిగారూ, మీరు కాస్త కొట్లోకి వెళ్లండి."

ఆయన కిటికీ తీసి వెళ్లిపోయారు.

ప్రసన్నకుమారి మడిచిన దుప్పటి శ్రీదుర్గ ఒళ్లో పెట్టింది. పిల్లాణ్ణి పక్కకు తిప్పి, వాడి పొట్ట తల్లి పొట్టకు తాకేలా పడుకోబెట్టింది. "నువ్వు వాడి మీదకి వంగకు. నడుం పోతుంది. వాణ్ణే నీ దగ్గరికి తెచ్చుకో. తొందరపడకు. పెదవికి తాకించు. ఊఁ, ఇంకా చిన్న నోరే. ఆగు. ఇంకా పెద్దగా తెరవాలి. ఇదిగో, ఇప్పుడు! కొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లాలి. గడ్డం ఆనాలి. నొప్పా?"

శ్రీదుర్గ కళ్లు గట్టిగా మూసుకుంది. మెల్లగా తెరిచింది. "లేదు," అంది ఆశ్చర్యంగా. "లాగుతున్నట్టుంది. నొప్పి లేదు సిస్టర్."

"వాడి గొంతు చూడు. మింగుతున్నాడు. వినపడుతోందా పిన్నిగారూ?"

రాజరాజేశ్వరి మోకాళ్ల మీద ముందుకు జరిగి చెవి పెట్టింది. గుటక, గుటక, కాస్త ఆగి మళ్లీ గుటక. ఆమె లేచి వెళ్లి పెద్ద చెంబుతో మంచినీళ్లు తెచ్చి కూతురి చేతికిచ్చింది. ఆ ఇంట్లో బాలింతకు నెల దాటాక మొదటి చెంబు నీళ్లు అవి.

"పత్యం పాడవదూ?" అంది శ్రీదుర్గ కొంటెగా.

"నోర్మూసుకుని తాగు."

రెండు వైపులా తాగి పిల్లాడు తనంతట తనే వదిలేశాక, గుడ్డ కూడా మార్చకుండా అలాగే కాటా దగ్గరికి తెచ్చారు. సత్యనారాయణగారు మళ్లీ కొట్టు వదిలేసి వచ్చారు. పాత రాళ్లన్నీ అలాగే ఉన్నాయి. పిల్లాడి పళ్లెం కిందికి దిగింది. ఆయన యాభై వేస్తే రాళ్ల వైపు మొగ్గింది. తీసేసి ఇరవై వేశారు, ఇంకో ఇరవై వేశారు. ముల్లు మధ్యలో నిలబడింది.

"నలభై!" అన్నారు. "నలభై గ్రాములు తాగాడే మనవడు! పాలకొల్లులో పుట్టి పాలు లేవంటారా ఎవరైనా!"

"ఇది చాలదండి," అంది ప్రసన్నకుమారి ఉన్నమాట దాచకుండా. "కానీ లేవు అన్న మాట మాత్రం ఈ కాటా కొట్టేసింది. ఇప్పటినుంచి రెండు గంటలకోసారి, రాత్రి కూడా, అడిగినప్పుడల్లా ఇవ్వాలి. వాడు బాగా చిక్కాడు కాబట్టి డబ్బా ఇవాళే పారేయొద్దు. ముందు తల్లిపాలు, ఆ తర్వాత చాలనంత మటుకే, సరిగ్గా మూడు చెంచాల లెక్కన కలిపి, ఉగ్గుగిన్నెతో పట్టండి. సీసా వద్దు. పాలు పెరిగినకొద్దీ అది తగ్గిద్దాం. సాయంత్రం మా డాక్టరమ్మగారికి చూపిద్దాం. రోజు విడిచి రోజు నేను వస్తాను, తూకం మీ కాటాతోనే."

"మా అమ్మ ఉగ్గుగిన్నె వెండిది, బీరువాలో ఉంది," అంది రాజరాజేశ్వరి, లేస్తూ.

అప్పుడే కొట్టు ముందు వ్యాను ఆగింది. హారను రెండుసార్లు మోగింది.

"గురువుగారూ, ఉన్నారాండీ!" అంటూ మెడలో టై కట్టుకున్న మనిషి నడవలోకే వచ్చేశాడు. శివరామకృష్ణ. గులాబీ డబ్బా కంపెనీ తరఫున కొట్లు తిరిగే ప్రతినిధి. చేతిలో రంగు కాగితం చుట్టిన గోడ గడియారం. "అమ్మగారికి మాటిచ్చాను కదండీ, తెచ్చేశాను. బాబు ఎలా ఉన్నాడండీ? ఏంటిది, పిల్లాణ్ణి కాటాలో పెట్టారు? అమ్మేస్తారా ఏంటండీ!"

తన జోకుకి తనే నవ్వాడు. ఎవరూ నవ్వలేదు.

"ఈవిడ మా నర్సమ్మగారు," అన్నారు సత్యనారాయణగారు. "మీ పాలు తాగి మావాడు నెలలో జీలకర్ర పొట్లమంత పెరిగాడని చెబుతున్నారు."

శివరామకృష్ణ ప్రసన్నకుమారిని తేరిపార చూసి, చేతులు జోడించాడు. "మేడమ్‌గారూ, మేం తల్లిపాలకి వ్యతిరేకం కాదండి. డబ్బా మీదే రాసి ఉంటుంది, తల్లిపాలే శ్రేష్ఠమని. చాలని తల్లులకి సాయం చేస్తున్నాం అంతే."

"ఈ అమ్మాయికి చాలవని ఎవరు తేల్చారండి? మీరు చూశారా?"

"అమ్మగారు చెప్పారు, అమ్మాయి సన్నగా ఉంటుందని..."

"సన్నగా ఉన్న తల్లికి పాలుండవని మీకు ఏ డాక్టరు చెప్పారు?"

అతను జేబులోంచి మడిచిన రంగు కాగితం తీశాడు. బొద్దు బుగ్గల పిల్లాడి బొమ్మ. ప్రసన్నకుమారి దాన్ని అందుకుని పైకి చదివింది. "మీ పాలు మీ చిన్నారికి చాలుతున్నాయా? పాలు తాగాక కూడా ఏడుస్తున్నాడా? రాత్రుళ్లు మేలుకుంటున్నాడా? అయితే ఆలస్యం చేయకండి." తలెత్తింది. "ఏడవని బిడ్డ ఎవరింట్లో ఉన్నాడండీ? ఇది చదివిన ఏ తల్లికైనా తన పాలు చాలట్లేదనే అనిపిస్తుంది. భయపెట్టే మాటలన్నీ పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో వేశారు. ఎన్ని చెంచాలు వేయాలో మాత్రం డబ్బా వెనక ఇంగ్లీషులో, చీమ తలకాయంత. ఆ కొలత ఈ కాగితం మీద ఎందుకు లేదు?"

"అదంతా కంపెనీ వాళ్లండీ..."

"తొంభై రెండులో చట్టం వచ్చింది. ఈ పొడికి ప్రకటన వేయకూడదు, ఊరికే డబ్బాలు పంచకూడదు, తల్లుల్ని కలిసి కానుకలివ్వకూడదు. మీకు తెలీదని నేననుకోను. ఈ కాగితం నా దగ్గర ఉంచుకుంటాను. పైకి రాసి పంపిస్తాను."

"ఎంత మాటండీ! పిల్లలున్నవాణ్ణి..."

"నేను రాసేది మీ మీద కాదు, మీ కంపెనీ మీద."

సత్యనారాయణగారు గడియారం తీసుకుని, కాగితం కూడా విప్పకుండా అతని చంకలో పెట్టారు. "మా కొట్లో మందుల చీటీ ఉన్నవాళ్లకి తప్ప ఇక ఈ డబ్బా ఇవ్వను. కోపం లేదబ్బాయ్. వెళ్లిరా."

శివరామకృష్ణ ముఖం ఎర్రబడింది. గుమ్మం దాకా వెళ్లి ఆగి, రాజరాజేశ్వరి వైపు తిరిగాడు. "ఏంటమ్మగారూ, మీరూ ఇలా ఊరుకుంటే ఎలాగండీ? నాకంటే ఎక్కువ ప్రచారం మీరే చేశారు కదండీ. చిన్నమ్మాయిగారికి చెప్పి డబ్బా ఇప్పించింది మీరు కాదూ? ఎలా కలపాలో కూడా నేనే నేర్పానని మీరే చెప్పారు!"

బీరువా తాళాలు రాజరాజేశ్వరి చేతిలోంచి జారి కింద పడ్డాయి.

"ఎవరు చిన్నమ్మాయి?" అంది ప్రసన్నకుమారి.

"వెనక వీధిలో ఉంటుంది, నాకు వదిన వరస. వాళ్ల కూతురు పురిటికొచ్చింది. ఆడపిల్ల, మూడో నెల." అంది రాజరాజేశ్వరి. "ఒక్క చెంచా చాలొదినా, చిక్కగా పట్టకు, చచ్చిపోతారు పిల్లలు అని చెప్పాను. నా ఎదురుగానే కలిపించాను. తల్లిపాలు మొత్తం మాన్పించేశారు. నిన్న సాయంత్రం కనబడి, మంచి పాలు చెప్పావొదినా, పిల్ల రెండు రోజుల్నుంచీ లేపినా లేవకుండా హాయిగా నిద్రపోతోంది అంది."

ప్రసన్నకుమారి అప్పటికే సంచి సర్దుతోంది. "అది నిద్ర కాదండి పిన్నిగారూ. తిండి చాలక స్పృహ తప్పుతోంది. పదండి, ఇల్లు చూపించండి."

"ఇంట్లో ఎవరూ లేరు," అన్నారు సత్యనారాయణగారు. "తెల్లవారుజామునే నా కొట్లోనే వ్రతం సామాను కట్టించుకుని అన్నవరం వెళ్లారు. పిల్లకి మొక్కుంది. రాత్రికి కొండ మీదే ఉండి రేపు వస్తామన్నారు. కొత్త డబ్బా కూడా తీసుకెళ్లారు."

ఆయన వాళ్లకి రెండుసార్లు ఫోన్ కలిపారు, రెండుసార్లూ స్విచాఫ్ అనే వచ్చింది. శ్రీదుర్గ పిల్లాణ్ణి భుజాన వేసుకుని ముందుకొచ్చింది. "సిస్టర్, మీరు వెళ్లండి. ఎలా పట్టుకోవాలో నాకు తెలిసింది. రెండు గంటలకోసారి ఇస్తాను. నాన్న కొట్లోంచి ఇంకో డబ్బా తీసి కొలిచి కలుపుతారు, సాయంత్రం డాక్టరమ్మగారి దగ్గరికి తీసుకెళ్తారు. ఇక్కడ నేను చూసుకుంటాను."

రాజరాజేశ్వరి కూతురి వంక ఒక్క క్షణం చూసింది. వంటింట్లోకి వెళ్లి గులాబీ డబ్బా, కొలత చెంచా తీసుకుని వచ్చింది. చెప్పులు వేసుకోవడం కూడా మరిచి కొట్టు ముందుకి నడిచింది. బయట కంపెనీ వ్యాను ఉంది. దాని పక్కన మనిషెత్తు బొద్దు పిల్లాడు బొమ్మలో నవ్వుతున్నాడు.

"తాళం తియ్యబ్బాయ్."

"ఎందుకమ్మగారూ?" అన్నాడు శివరామకృష్ణ.

"అన్నవరం వెళ్లాలి. బస్సు కోసం నిలబడే తీరిక లేదు."

"కంపెనీ బండి అమ్మగారూ! లాగ్ బుక్ రాయాలి, నా ఉద్యోగం..."

రాజరాజేశ్వరి తలుపు తానే లాగి, ఎక్కి, డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన ప్రసన్నకుమారికి చోటిచ్చింది.

"ఆ బొమ్మ చూసి నేను నమ్మాను. నన్ను చూసి చిన్నమ్మాయి నమ్మింది," అంది. "ఒక్క చెంచా చాలని చెప్పిన నోటితోనే నేను వెళ్లి చెప్పాలి. మీ కంపెనీ వాళ్లు అడిగితే నా పేరు చెప్పు. ముందు బండెక్కు."

శివరామకృష్ణ ఒకసారి సత్యనారాయణగారి వంక, ఒకసారి బండి మీద బొమ్మ వంక చూశాడు. గడియారం అరుగు మీద పెట్టేసి, జేబులో తాళాలు వెతుక్కున్నాడు.

పొద్దున పదకొండయింది. అన్నవరం నాలుగు గంటల దారి. ఆ పిల్ల ఆఖరిసారి కళ్లు తెరిచి ఎంతసేపైందో బండిలో ఉన్న ముగ్గురికీ తెలియదు.